మూడు కొండలు, 21 బలిపీఠాలు

మోయాబు రాజు బాలాకు భయపడ్డాడంటే తప్పు పట్టలేం. ఎడారి దాటి వచ్చిన ఇశ్రాయేలీయులు అప్పటికే అమోరీయుల రాజు సీహోనును, బాషాను రాజు ఓగును ఓడించారు. ఇప్పుడు యొర్దానుకు తూర్పున, యెరికోకు ఎదురుగా, మోయాబు మైదానాల్లో గుడారాలు వేసుకుని ఉన్నారు. యుద్ధానికి దిగితే తనకూ సీహోను గతే పడుతుందని బాలాకు లెక్క వేసుకున్నాడు. కత్తితో కాని పనికి మరో దారి వెతికాడు. యూఫ్రటీసు తీరాన పెతోరులో బిలాము అనే పేరుమోసిన దర్శనికుడు ఉన్నాడు. అతడు దీవిస్తే దీవెన తగులుతుందని, శపిస్తే శాపం తగులుతుందని ప్రతీతి. మోయాబు పెద్దలు, మిద్యాను పెద్దలు సోదె సొమ్ము చేతబట్టుకుని అతని దగ్గరకు బయలుదేరారు.

బాలాకుకు తెలియని సంగతి ఒకటుంది. మోయాబు జోలికి పోవద్దని, వారితో యుద్ధానికి దిగవద్దని ఇశ్రాయేలీయులకు ముందే ఆజ్ఞ ఉందని బైబిలులోని ద్వితీయోపదేశకాండము రెండో అధ్యాయం చెబుతుంది. అంటే ఏ దేవుని మనసు మార్చాలని అతడు అంత ఖర్చు పెట్టాడో, ఆ దేవుని మనసులోనే అతని రాజ్యానికి రక్షణ ఉంది. మనసు మారి ఉంటే ముందు నష్టపోయేది మోయాబే.

సంఖ్యాకాండములో 22 నుంచి 24వ అధ్యాయం వరకు సాగే ఈ కథ అనగానే చాలామందికి గుర్తొచ్చేది బిలాము ఎక్కి వస్తుండగా మాట్లాడిన గాడిద. ఆదివార బడి పిల్లలకు అదే చెబుతారు, అది బాగానే ఉంటుంది. కాని కథలో అసలు వింత గాడిద దగ్గర లేదు. ఒక రాజు ఒకే దేవుణ్ని ఒకే కోరిక మూడు వేర్వేరు కొండల మీద నుంచి అడగడంలో ఉంది.

బిలాము రాగానే బాలాకు అతన్ని బయలు దేవత ఉన్నత స్థలాలకు ఎక్కించాడు. అక్కడి నుంచి ఇశ్రాయేలు శిబిరం కొస కనబడింది. ఏడు బలిపీఠాలు కట్టించి, ఒక్కోదాని మీద ఒక కోడెను, ఒక పొట్టేలును అర్పించారు. బిలాము నోట శాపానికి బదులు దీవెన వచ్చింది. బాలాకు విస్తుపోయాడు, కాని ఆశ వదులుకోలేదు. ఇంకో చోటికి వెళ్దాం, అక్కడి నుంచి వాళ్లందరూ కనబడరు, చివర ఉన్నవాళ్లే కనబడతారు అని పిస్గా కొనకు తీసుకెళ్లాడు. మళ్లీ ఏడు బలిపీఠాలు, ఏడు కోడెలు, ఏడు పొట్టేళ్లు, మళ్లీ దీవెన. మూడోసారి పెయోరు శిఖరానికి ఎక్కించాడు. అక్కడి నుంచి శపించడం ఒకవేళ దేవునికి ఇష్టమవుతుందేమో అన్నాడు. ఆ మూడో కొండ మీద కూడా లెక్క తప్పలేదు. మొత్తం 21 బలిపీఠాలు, 42 పశువులు అయ్యాయి. చివరికి బిలాము గోత్రాల వారీగా దిగిన గుడారాల్ని చూసి, ముందటికంటే గొప్ప దీవెన పలికాడు.

బాలాకును తెలివితక్కువవాడిగా చూపించి నవ్వుకోవడం తేలిక. అది అన్యాయం కూడా. అతడు చేసింది ఆ కాలానికి, ఆ ప్రాంతానికి తెలిసిన విద్యే. మెసొపొటేమియాలో గొర్రె కాలేయాన్ని పరిశీలించి దేవతల తీర్పు చదివే నిపుణులు రాజాస్థానాల్లో ఉండేవారు. జవాబు నచ్చకపోతే పరీక్ష మళ్లీ చేయడం ఆ విద్యలో మామూలే. దుశ్శకునం కనబడితే దాని ఫలితాన్ని తప్పించడానికి విడిగా శాంతి కర్మలు ఉండేవి. ఇంకా దూరం వెళ్లినవారూ ఉన్నారు. రాజుకు మరణం సూచించే గ్రహణం వస్తే అస్సిరియాలో వేరొకణ్ని సింహాసనం మీద కూర్చోబెట్టేవారు. క్రీ.పూ. 681 నుంచి 669 వరకు ఏలిన ఏసర్హద్దోను కాలంలో ఇది ఒకటికంటే ఎక్కువసార్లు జరిగింది. ఆ రోజుల్లో అసలు రాజును ఉత్తరాల్లో ‘రైతు’ అని సంబోధించేవారు. గడువు తీరాక ప్రత్యామ్నాయ రాజును చంపేసేవారు. రాజు చావాలని దేవతలు నిర్ణయించారు, సింహాసనం మీద ఉన్నవాడు చచ్చాడు, లెక్క సరిపోయింది. దేవతల్ని కాగితం మీది అక్షరానికి కట్టిపడేసి తప్పించుకునే ఈ తెలివి ముందు బాలాకు కొండలు మార్చడం చిన్నపిల్లల ఆట.

మోయాబు సొంత సాక్ష్యం కూడా ఉంది. 1868లో ఇప్పటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో దొరికిన నల్లరాతి శాసనాన్ని క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దపు మోయాబు రాజు మేషా చెక్కించాడు. కెమోషు దేవత తన దేశం మీద కోపగించినందువల్లే ఇశ్రాయేలు తమను అణచివేసిందని, తర్వాత ఆ దేవత అనుగ్రహించినందువల్ల తాము గెలిచామని అందులో ఉంది. కోపం వస్తుంది, పోతుంది, దాన్ని తగ్గించే మార్గాలుంటాయి. ఇదే మేషా యుద్ధం తనకు మించిపోతున్నప్పుడు తన పెద్దకొడుకునే కోట గోడ మీద బలి ఇచ్చాడని రెండవ రాజుల గ్రంథం చెబుతుంది. బేరంలో దిగినవాడికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఏడు కోడెలకు పని కాకపోతే పద్నాలుగు, అదీ చాలకపోతే కన్నకొడుకు.

ఈ మెట్ల వరుసనే ప్రవక్త మీకా ఆరో అధ్యాయంలో వేళాకోళంగా పేర్చాడు. బాలాకు ఏం ఆలోచించాడో, బిలాము ఏం జవాబిచ్చాడో జ్ఞాపకం చేసుకోండి అని మొదలుపెట్టి, వెంటనే ఒక భక్తుడి గొంతు వినిపిస్తాడు. ఏడాది దూడలు తేనా? వేల పొట్టేళ్లా? పది వేల నదుల నూనెనా? నా జ్యేష్ఠపుత్రుణ్నా? అడుగుతున్నది ఇశ్రాయేలీయుడే. కొండలు మార్చే బుద్ధి మోయాబు దగ్గరే ఆగలేదని మీకాకు బాగా తెలుసు.

పిస్గా కొన మీద బాలాకుకు దొరికిన జవాబు సంఖ్యాకాండము 23:19లో ఉంది. దేవుడు అబద్ధమాడటానికి మనిషి కాడు, పశ్చాత్తాపపడటానికి నరపుత్రుడు కాడు, ఆయన చెప్పి చేయకుండా ఉంటాడా, మాట ఇచ్చి నిలబెట్టుకోకుండా ఉంటాడా? బైబిలులో దేవుని మార్పులేనితనం గురించి ఇంత సూటిగా చెప్పిన మాటలు తక్కువ. ఆ మాటను పలికింది ఒక ప్రార్థన మందిరం కాదు, కూలి మాట్లాడుకుని తెచ్చిన దర్శనికుడి నోరు. వినవలసి వచ్చినది దాన్ని మార్చాలని చూసిన రాజు. లంచం పనిచేయకపోవడానికి కారణం కూడా అందులోనే ఉంది. లంచం పనిచేయాలంటే అవతలివాడికి ఏదో కొరత ఉండాలి, లేదా ఇచ్చిన మాట మీద పట్టు సడలి ఉండాలి. 50వ కీర్తన మొదటిదాన్ని ఇంకా ఎత్తిపొడుపుగా చెబుతుంది. నాకు ఆకలైతే నీకు చెప్పను, లోకమంతా నాదే, నేను కోడెల మాంసం తింటానా?

ఇక బిలాము విషయానికి వస్తే, బాలాకు కంటే అతడే ఎక్కువ ఆలోచింపజేస్తాడు. బాలాకుకు ఆ దేవుడెవరో తెలియదు, బిలాముకు తెలుసు. మొదటి రాయబారం వచ్చిన రాత్రే అతనికి జవాబు స్పష్టంగా అందింది. వెళ్లవద్దు, శపించవద్దు, వాళ్లు దీవెన పొందినవాళ్లు. రాయబారులు తిరిగి వెళ్లిపోయారు. బాలాకు ఈసారి ఇంకా ఘనులైనవారిని, ఇంకా పెద్ద ఆశ చూపించి పంపాడు. ఇంటెడు వెండి బంగారాలు ఇచ్చినా దేవుని మాట మీరలేనని బిలాము గంభీరంగానే అన్నాడు. వెనువెంటనే, ఈ రాత్రి కూడా ఇక్కడే ఉండండి, యెహోవా ఇంకేమైనా చెబుతాడేమో తెలుసుకుంటాను అన్నాడు. ఆ ‘ఇంకేమైనా’లో అతని వ్యవహారమంతా ఉంది. కొత్త సంగతి ఏదీ రాలేదు, పెరిగింది పారితోషికం ఒక్కటే. ఒకసారి వద్దన్నదాన్ని రెండోసారి అడిగేటప్పుడు మోకాళ్ల మీదే అడుగుతాం, భాషలో వినయం పెరుగుతుంది కూడా. ప్రార్థన వేషం వేసుకున్న ఒత్తిడిని గుర్తుపట్టడం బలిపీఠాల్ని లెక్కపెట్టినంత తేలిక కాదు. బిలాముకు వెళ్లడానికి అనుమతి దొరికింది. ఆ వెంటనే దేవుని కోపం రగులుకున్నట్టు కూడా ఉంది. వ్యాఖ్యాతలు తరతరాలుగా ఈ రెండు వాక్యాల దగ్గర తల పట్టుకున్నారు. పట్టుబట్టినవాడికి దారి వదిలేయడం ఒప్పుకోవడం కాదన్నదే ఇక్కడ కథ తీరుకు సరిపోయే అర్థం.

బిలాము పేరు బైబిలు బయట కూడా దొరికింది. 1967లో జోర్డాను లోయలోని దేయిర్ అల్లా దిబ్బలో డచ్ పురావస్తు బృందం తవ్వుతుండగా, గోడ సున్నపు పూత మీద నలుపు, ఎరుపు సిరాతో రాసిన ముక్కలు బయటపడ్డాయి. క్రీ.పూ. 800 ప్రాంతానివని పండితుల అంచనా. వాటిలో బెయోరు కుమారుడు బిలాము ‘దేవతల దర్శనికుడు’. రాత్రివేళ దేవతలు అతనికి కనబడతారు, మర్నాడు అతడు ఉపవాసం ఉండి ఏడుస్తాడు. బైబిలు కథకుడు ఊహించి పెట్టిన పేరు కాదు, ఆ ప్రాంతంలో పేరున్న వ్యక్తినే కథలోకి తెచ్చాడని దీన్నిబట్టి తెలుస్తుంది. అంత పేరున్నవాడి చేతా కాలేదన్నది పాత శ్రోతలకు మనకంటే గట్టిగా తగిలి ఉంటుంది.

పెయోరు కొండ మీద మూడో ప్రయత్నం కూడా పోయాక బాలాకు చేతులు చరుచుకుని, నిన్ను గొప్పగా ఘనపరుద్దామనుకున్నాను, యెహోవా నీకు ఆ ఘనత దక్కనివ్వలేదు అని బిలామును పంపించేశాడు. కూలి ఎగ్గొట్టిన నింద కూడా దేవుని మీదే వేశాడు. కథ ఇక్కడితో ఆగి ఉంటే సుఖాంతమే. కాని తర్వాతి అధ్యాయంలో ఇశ్రాయేలు పురుషులు షిత్తీములో మోయాబు స్త్రీల వెంటపడి, వారి బలివిందులకు వెళ్లి, బయల్పెయోరు అనే దేవతకు మొక్కారు. తెగులు పుట్టి 24,000 మంది చనిపోయారు. ఈ ఆలోచన చెప్పింది బిలామేనని 31వ అధ్యాయం బయటపెడుతుంది. ప్రకటన గ్రంథం కూడా అదే గుర్తుచేస్తుంది. ఏ పెయోరు మీద నుంచి శాపం దిగలేదో ఆ పెయోరు పేరు మీదే నాశనం వచ్చింది. దేవుణ్ని కదిలించలేమని తేలాక వాళ్లు మనుషుల్ని కదిలించారు. ఆ పని మాత్రం పూర్తిగా ఫలించింది.

దేవుడు మార్పులేనివాడు అంటే తమకు ఏ హానీ రాదని అర్థం చేసుకునేవారికి షిత్తీము మింగుడుపడదు. దీవెన వెనక్కి తీసుకోలేదు, అయినా వేలమంది పోయారు. దీవించిన దేవుడు, విగ్రహాన్ని సహించని దేవుడు ఒకడే. ఆయన మొదటి విషయంలో మారనట్టే రెండో విషయంలోనూ మారలేదు. ఈ సంగతి ఇశ్రాయేలుకు మళ్లీ మళ్లీ తెలిసొచ్చింది. మొదటి సమూయేలు నాలుగో అధ్యాయంలో ఫిలిష్తీయుల చేతిలో నాలుగు వేలమంది కూలాక, పెద్దలు కూర్చుని ఒక ఉపాయం కనిపెట్టారు. షిలోహు నుంచి నిబంధన మందసాన్ని, అంటే దేవుని ఆజ్ఞల పలకలు ఉంచిన పవిత్రమైన పెట్టెను, తెప్పిస్తే అది తమను కాపాడుతుందన్నారు. మందసం శిబిరంలోకి రాగానే భూమి దద్దరిల్లేలా కేకలు వేశారు. ఫిలిష్తీయులు సైతం బెదిరారు. ఫలితం ఇంకా ఘోరం. ముప్పై వేలమంది పోయారు, మందసం శత్రువుల పాలైంది, దాన్ని మోసుకొచ్చిన యాజకులు హొఫ్నీ, ఫీనెహాసు అక్కడే చచ్చారు. బలి మాంసాన్ని బలవంతంగా లాక్కుతింటూ వచ్చిన ఆ ఇద్దరి మీద తీర్పు ముందే వెలువడి ఉంది. పెట్టె జరిపినంత మాత్రాన ఆ తీర్పు తప్పలేదు. విచిత్రమేమంటే, ఏడు నెలలపాటు మందసం ఉన్న ఫిలిష్తీయ పట్టణాలు తట్టుకోలేక తామే దాన్ని తిప్పి పంపాయి. దేవుడు ఓడిపోలేదు, ఇశ్రాయేలు పక్షాన ఉండటానికి మాత్రం ఒప్పుకోలేదు.

కొన్ని వందల ఏళ్ల తర్వాత యెరూషలేములో అదే ధీమా. ఇది యెహోవా ఆలయం, యెహోవా ఆలయం, యెహోవా ఆలయం అని జనం మంత్రంలా జపిస్తుంటే, షిలోహుకు వెళ్లి నేనేం చేశానో చూసి రండి అని ప్రవక్త యిర్మీయా ఆలయ ద్వారం దగ్గరే నిలబడి ప్రకటించాడు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం ఆ ఆలయాన్ని కాల్చేసింది.

ఇంతవరకు వచ్చిన పాఠకుడికి ఒక ప్రశ్న తప్పక తోస్తుంది. దేవుడు మనసు మార్చుకున్నట్టు బైబిలే చాలాచోట్ల చెబుతుంది కదా? మొదటి సమూయేలు 15వ అధ్యాయంలోనే సౌలును రాజుగా చేసినందుకు యెహోవా పశ్చాత్తాపపడ్డాడని 11వ వచనం, ఆయన పశ్చాత్తాపపడటానికి నరుడు కాడని 29వ వచనం, మళ్లీ పశ్చాత్తాపపడ్డాడని 35వ వచనం చెబుతాయి. కూర్చినవారికి ఇది కనబడలేదనుకోవడం అమాయకత్వం. తెలిసే పక్కపక్కన పెట్టారు. సౌలు వేషాలు చూసి దుఃఖపడటం ఒకటి, తీర్పు చెప్పిన ప్రవక్త సమూయేలు అంగీ చెంగును సౌలు పట్టుకుని లాగితే ఆ తీర్పు వెనక్కి తీసుకోవడం ఇంకొకటి. రెండోది జరగలేదు, అంగీ చిరిగింది.

యోనా గ్రంథంలో ఇది ఇంకా తేటగా ఉంటుంది. 40 రోజుల్లో నీనెవె పట్టణం నాశనమవుతుందని ప్రవక్త యోనా చేసిన ప్రకటనకు షరతు ఏమీ లేదు. ఊరు పశ్చాత్తాపపడింది, నాశనం రాలేదు. పైకి చూస్తే దేవుడు మాట మార్చాడు. కాని యోనా అలక దేనికి? నువ్వు కనికరంగలవాడివని, కీడు చేయకుండా ఆగిపోతావని నాకు ముందే తెలుసు, అందుకే తర్షీషుకు పారిపోయాను అన్నాడు. అంటే అతని ఫిర్యాదు దేవుడు మారాడని కాదు, మారలేదని. ఒక జనాంగం చెడుతనం విడిచిపెడితే చేయదలచిన కీడు మానుకుంటానని, మేలు పొందవలసిన జనాంగం చెడిపోతే ఆ మేలూ మానుకుంటానని యిర్మీయా 18వ అధ్యాయం దీన్ని సూత్రంగానే చెప్పేసింది. మారేది మనిషి నిలబడ్డ చోటు. అయితే బాలాకు కూడా చోటే మార్చాడు, మూడుసార్లు. కాకపోతే అతడు మార్చింది కాళ్ల కింది కొండను.

మోషే బతిమాలడం, బాలాకు బేరమాడటం ఒకటే అని కొందరు వాదిస్తారు. నిర్గమకాండము 32 చదివితే తేడా తెలుస్తుంది. జనం బంగారు దూడను చేసుకుని మొక్కిన తర్వాత, ఈ జనాన్ని నాశనం చేసి నిన్నే గొప్ప జనంగా చేస్తానన్న మాట మోషే ముందు ఉంది. సొంత లాభం చూసుకునేవాడికి అంతకంటే మంచి అవకాశం రాదు. మోషే దాన్ని పక్కకు నెట్టి, అబ్రాహాముకు, ఇస్సాకుకు, ఇశ్రాయేలుకు చేసిన ప్రమాణం జ్ఞాపకం చేసుకో అన్నాడు. కొత్త మాట అడగలేదు, పాత మాట మీద నిలబడమన్నాడు. అతడు చేతిలో పట్టుకొచ్చిన కానుక కూడా ఏమీ లేదు.

తత్వశాస్త్రం ఈ చిక్కును తన పద్ధతిలో విప్పబోయింది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ చెప్పిన సమాధానం ఇప్పటికీ చాలామందికి ఆధారం. మనం ప్రార్థించేది దేవుని సంకల్పాన్ని మార్చడానికి కాదు, ప్రార్థనల ద్వారా జరగాలని ఆయన సంకల్పించినదాన్ని పొందడానికి. 20వ శతాబ్దం చివర కొందరు అమెరికా వేదాంతులు దీన్ని ఒప్పుకోలేదు. భవిష్యత్తు నిజంగానే తెరిచి ఉందని, దేవుడు మనుషులకు స్పందిస్తూ సాగుతాడని వాదించారు. వాళ్లు కూడా దేవుని గుణం మారుతుందని మాత్రం అనలేదు. మారని గుణం అన్న చోట రెండు పక్షాలూ కలుస్తాయి. బాలాకు మార్చాలని చూసింది సరిగ్గా దాన్నే.

మొక్కుల విషయంలో ఇశ్రాయేలు నాయకుడు యెఫ్తా కథ ఒక్కటి చాలు. అమ్మోనీయుల మీదికి వెళ్లేముందు యెహోవా ఆత్మ అతని మీదికి వచ్చిందని న్యాయాధిపతులు 11:29 చెబుతుంది. గెలిపిస్తే తన ఇంటి నుంచి ఎదురొచ్చేదాన్ని బలి ఇస్తానన్న మొక్కు ఆ తర్వాతి వచనంలో వస్తుంది. అప్పటికే అందిన సాయానికి అతడు అడగని ధర కట్టాడు, ఆ ధర ఒక్కగానొక్క కూతురైంది.

తెలుగు క్రైస్తవ సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీయడం చాలాచోట్ల ఆనవాయితీ. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక వచనం వస్తుంది, ఏడాదంతా అది గోడ మీదో, బైబిలు మధ్యలోనో ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. చిక్కు ఆ కార్డును ప్రామిసరీ నోటులా చేతబట్టుకున్నప్పుడు వస్తుంది. ఎక్కువగా కనిపించే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావన్న ఆ మాట బబులోనుకు చెరపోయినవారికి రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనం 70 ఏళ్లు పడుతుందంటుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఆ ఉత్తరం మొదలైంది. ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రావడం చూసి ఉండరు. రెండేళ్లలోనే అంతా బాగైపోతుందని చెప్పిన ప్రవక్త కూడా ఉన్నాడు, పేరు హనన్యా. ముందు అధ్యాయంలో యిర్మీయా అతన్ని అబద్ధికుడన్నాడు. సంఖ్యాకాండము 23:19ది కూడా ఇదే గతి. బేరం కుదరదని బాలాకుకు చెప్పిన మాటను కొన్ని వేదికల మీద బేరానికి పూచీగా వాడుతున్నారు. మాట ఇచ్చాడు కాబట్టి ఇచ్చి తీరాలి, నీ కానుక విత్తనంగా వెయ్యి, పంట అడుగు. దేవుని మాటనే దేవుని మీదికి ఎక్కుపెట్టడం కొత్త విద్యేమీ కాదు. యేసును ఆలయ శిఖరం మీద నిలబెట్టి 91వ కీర్తన వల్లించింది సాతానేనని మత్తయి నాలుగో అధ్యాయంలో ఉంది.

రాబడిలో పదో వంతు ఇవ్వాలనే దశమ భాగం ప్రసంగాలకు ఆధారం మలాకీ 3:10. నన్ను శోధించి చూడండి, ఆకాశపు వాకిళ్లు విప్పి పట్టలేనంత దీవెన కుమ్మరిస్తాను. అదే అధ్యాయంలో నాలుగు వచనాల ముందు, యెహోవానైన నేను మార్పులేనివాడను అన్న ప్రకటన ఉంది. ఈ రెండింటినీ కలిపి దశమ భాగానికి ఖాయమైన వడ్డీ లెక్కగా వినిపిస్తారు. ధర్మశాస్త్రం ప్రకారం ఆ దశమ భాగం లేవీయులకు, పరదేశులకు, అనాథలకు, విధవరాళ్లకు తిండిగా వెళ్లేది. నా మందిరంలో ఆహారం ఉండేటట్టు అని ఆ వచనంలోనే ఉంది. మార్పులేనివాడను అనే మాటకు ముందరిదైన ఐదో వచనం ఇంకొకటి చెబుతుంది. కూలివాళ్ల కూలి ఎగ్గొట్టేవారి మీద, విధవరాళ్లను, తండ్రిలేనివారిని బాధపెట్టేవారి మీద, పరదేశికి అన్యాయం చేసేవారి మీద బలమైన సాక్షిగా వస్తానంటాడు. మారనివాడు మొదట మారకుండా ఉన్నది ఆ విషయంలో. కానుకల కవరు మీద పదో వచనం అచ్చువేయించే సంఘాలు చాలా ఉన్నాయి. ఐదో వచనం అచ్చువేయించిన కవరు ఎక్కడైనా కనబడితే దాచుకోదగ్గ వస్తువే.